మామ పెట్టిన పదకొండు రాళ్లు

మా మామ చనిపోయారని నంద్యాల ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను వరండా తుడుస్తున్నాను. "నాయన పోయినాడు మే" అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి మళ్లీ తడిగుడ్డ అందుకున్నాను. ఎందుకో తెలియదు. వరండాలో మామ పరిచి వెళ్లిన రాళ్లున్నాయి. అవి జరగకుండా చుట్టూ తుడవడం పెళ్లయి వచ్చినప్పటి నుంచి నాకు అలవాటు. ఆ పొద్దున కూడా అలాగే తుడిచాను.

ఆ రోజు అక్కడ పది రాళ్లే ఉన్నాయి. పదకొండోది పెట్టమని ఆయన నాకు చెప్పారు. "రేపు పెడతా మామా" అన్నాను. ఆ రేపు ఆయన ఇంట్లో లేరు.

ఆళ్లగడ్డలో మామను అందరూ ఫుట్‌బాల్ పెద్దాయన అనేవారు. విగ్రహాలు చెక్కే షెడ్లలో ఆయన నునుపు పట్టే పని చేసేవారు. చెక్కడం వేరేవాళ్లది. చెక్కిన దాన్ని నీళ్లు పోసి, రాయితో రోజుల తరబడి రుద్ది మెరుపు తెచ్చేది ఆయన. ఆదివారం చర్చికి పోయే మనిషి మిగతా ఆరు రోజులూ దేవుళ్ల విగ్రహాలు రుద్దుతారు గదా అని కొత్తలో నాకు వింతగా ఉండేది. అదే అడిగితే నవ్వారు. "రుద్దేటప్పుడు నాకు మోకాలో, మోచెయ్యో కనపడతాది పాపా. మొత్తం ఎవరో చూసుకునేది తీసుకపోయేటోళ్లు."

చిన్నప్పుడు నంద్యాలలో మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నారట. అక్కడి గ్రౌండులో పట్టుకున్న పిచ్చి ఆయన్ని వదల్లేదు. ఆళ్లగడ్డకు వచ్చి పనిలో చేరాక ఇక్కడొక జట్టు కట్టారు. ఆడే వయసు దాటాక ఆడించారు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టాక కొత్త జట్టు తయారు చేసేవారు. క్రిస్మస్ ముందర నంద్యాలలో జరిగే పోటీలకు ఆ జట్టును తీసుకుపోయేవారు. ఎన్నిసార్లు గెలిచారని మీరు అడిగితే నేను చెప్పలేను. గెలిచిన ఆట గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు. ఓడిన ఆటలు మాత్రం ఏ నిమిషంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పేవారు.

జట్టు కట్టడానికి ఆయనకు కాగితం అక్కర్లేదు. షెడ్డులో రాలిన రాతిముక్కలు ఏరి తెచ్చి, ఒక్కో ఆటగాడికి ఒక్కో ముక్క అనుకునేవారు. గోల్‌లో నిలబడే ఆటో డ్రైవర్, మేమంతా గోలీ అన్న అనే ఆయనకు నల్లటి వెడల్పు పలక. బియ్యం మిల్లులో మూటలు మోసే అన్నదమ్ములిద్దరికీ రెండు మొద్దు ముక్కలు. మా ఆయనది ఎర్రరాయి, ఒక మూల విరిగి ఉంటుంది. పదేళ్లప్పుడు తానే షెడ్డు నుంచి ఏరి తెచ్చి "ఇది నాది నాయనా" అన్నాడట. ఈ రాళ్లను వరండాలో గోడవారన పరిచి, జరిపి, చూసి, మళ్లీ జరిపేవారు. వెనక నుంచి కట్టేవారు. ముందు గోలీ, తర్వాత బ్యాకులు, చివరికి ముందాడేవాళ్లు. అందరూ గోలు కొట్టేవాడి గురించి ఆలోచిస్తారనీ, ఆయన మాత్రం గోలు పడకుండా చూసేవాళ్ల గురించి ఆలోచిస్తారనీ మా ఆయన చెప్పేవాడు.

నేను ఏడో తరగతి దాకే చదివాను. పెళ్లయి వచ్చిన కొత్తలో మగవాళ్లు ఇంటికొస్తే వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. మంచినీళ్లు కూడా గడప మీద పెట్టి లోపలికి పోయేదాన్ని. మామ అది చూసి ఏమీ అనలేదు. రెండేళ్ల కింద షుగరు వల్ల ఆయన చూపు తగ్గింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అప్పుడు ఒక రోజు పేపరు నా ముందు పెట్టి "చదువు పాపా" అన్నారు.

క్రికెట్ వార్తలన్నీ దాటుకుని, మూలన అరచెయ్యంత ఉండే ఫుట్‌బాల్ వార్త వెతికి చదివేదాన్ని. ఆ విదేశాల పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. నేను పలికినదాన్ని బట్టి అసలు పేరేదో ఆయనే కనిపెట్టేవారు. ఒకసారి, ఏదో క్లబ్బు ఎవరో ఆటగాణ్ని కొన్నదని చదివి ఆగిపోయాను.

"మనిషిని కొనేదేంది మామా?"

"ఆడ అట్లనే. కొంటారు, అమ్ముతారు. ఒకడు పనికి రాకపోతే ఇంకొకణ్ని తెచ్చుకుంటారు. మనకు యాడ కుదురుతాది? ఈ ఊర్లో ఉండేటోళ్లతోనే కట్టుకోవాల."

"ఉండేటోళ్లలో పదకొండు మంది లేకపోతే?"

"ఉంటారు. మనకు చూసేది రాక లేరనుకుంటాం."

మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు మమ్మల్ని చూసి ఎగతాళి చేసేవాడు. ఆయనకు కడప రోడ్డు మీద టైర్ల అంగడి ఉంది. "ఏంది, మామా కోడలు ఈ పొద్దు ఎవరిని కొంటాండారు?" అనేవాడు. మామ కంచంలోంచి తల ఎత్తకుండానే "నిన్ను అమ్ముదామని చూస్తాండాం. అడిగేటోడు లేడురా" అనేవారు. ముగ్గురం నవ్వేవాళ్లం. ఆ నవ్వులో నిజం ఎంత ఉందో నాకు తర్వాత తెలిసింది.

మామ జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. రాళ్లు కుదిరాక పేర్లు కాగితం మీద రాస్తారు. ఆదివారం చర్చి అయ్యాక కాలేజీ గ్రౌండులో అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఆ కాగితం గట్టిగా చదువుతారు. చదివాక ఆ ఏడంతా ఒక్క పేరు కూడా కొట్టేయరు. దెబ్బ తగిలి మంచాన పడితే తప్ప మార్చరు. "నలుగురి ముందర పేరు పిలిచి మళ్లా తీసేస్తే, వాడు ఈ ఊర్లో ఎట్ల తిరగాల?" అనేవారు. అందుకే చదివే ముందు నెల రోజులు ఆ రాళ్లను జరుపుతూనే ఉండేవారు.

చూపు ఉన్నన్నాళ్లూ రాయడం, చదవడం ఆయనే చేసేవారు. పోయిన ఏడు మొదటిసారి నన్ను రాయమన్నారు. చేత్తో తడిమి ఆయన రాళ్లు పరిచారు. ఏ రాయి ఎవరిదో నాకు తెలుసు కాబట్టి, చూసి వరసగా రాయాలి. గోలీ రాశాను. కుడి బ్యాకు రాశాను. మధ్యలో అన్నదమ్ములిద్దరినీ రాశాను. ఎడమ పక్కన మా ఆయన ఎప్పుడూ ఆడే లెఫ్ట్ బ్యాక్ చోట ఎర్రరాయి లేదు. నల్లమల గూడెం నుంచి వచ్చి ఫారెస్టు వాచరుగా చేసే అతని రాయి ఉంది. చిన్నది, నున్నటిది, మామ స్వయంగా రుద్ది ఇచ్చినది. అతను పరిగెడితే మధ్యలో ఆగడని మామ చెప్పేవారు. మా ఆయన ఎర్రరాయి గోడ పక్కన, పదకొండుకు బయట ఉంది.

మా ఆయన మోకాలు అప్పటికే బాగాలేదు. టైర్లు ఎత్తి దించడంలో పట్టేసింది. అందరికీ తెలుసు, బాగానే ఉందనేది ఆయన ఒక్కడే. కానీ ఆ మధ్యాహ్నమే ఆయన పెరట్లో కూర్చుని బూట్లు తుడుస్తూ మా మూడేళ్ల పాపతో "నంద్యాలలో నాయన ఆడేది చూస్తావు" అని చెప్పడం విన్నాను. చేతిలో పెన్ను ఉంది. పక్కన కూర్చున్న మనిషికి చూపు లేదు. నేను మా ఆయన పేరు రాశాను.

ఆదివారం గోలీ అన్న ఆ కాగితం చదివాడు. నేను ఆడవాళ్లతో గేటు దగ్గర నిలబడి ఉన్నాను. లెఫ్ట్ బ్యాక్ అని మా ఆయన పేరు పిలవగానే మామ తల కొంచెం పైకి లేచింది. ఒక్క క్షణమే. గోలీ అన్న చదవడం ఆపి "ఏం పెద్దాయనా?" అన్నాడు. "ఏం లేదు. చదువప్పా" అన్నారు మామ.

ఇంటికి వచ్చాక నన్ను అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. మరుసటి రోజు ఎప్పటిలాగే పేపరు ఇచ్చి చదవమన్నారు. కానీ వరండాలో రాళ్లు మారలేదు. జట్టు ఒకటి ఆడుతోంది, వరండాలో ఇంకొకటి ఉంది. లెఫ్ట్ బ్యాక్ చోట ఆ నున్నటి చిన్న రాయే ఉంది. రోజూ పొద్దున దాని చుట్టూ ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని. దాన్ని తాకడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

వాచరు ఆ తర్వాత గ్రౌండుకు రావడం మానేశాడు.

నంద్యాలలో రెండో ఆటకే ఓడిపోయాం. ఆ రోజు పాపను ఎత్తుకుని నేనూ వెళ్లాను. అవతలి జట్టువాళ్లు మొదటి పావుగంటలోనే మా ఆయన కాలు సంగతి కనిపెట్టారు. ఇక ప్రతి బంతీ అటువైపే వేశారు. మూడు గోల్సూ అటు నుంచే పడ్డాయి. మూడోసారి ఆయన తిరగబోయి కింద కూర్చుండిపోయాడు. గట్టు మీద ఎవరో "ఆ కుంటోన్ని యాడ దొరకబట్టినార్రా" అని అరిచారు. పాప "నాయన ఎందుకు లేయడం లేదు?" అని నన్ను అడిగింది.

అందరం తిరుగు బస్సు ఎక్కాం. నేను మామ వెనక సీట్లో ఉన్నాను. సగం దారిలో మిల్లు తమ్ముడు ఉండబట్టలేక "ఎడమ పక్కే మునిగిపాయ" అన్నాడు. మామ కిటికీ వైపే ముఖం పెట్టి చెప్పారు. "వాని తప్పు గాదు. నిలబడలేని చోట నిలబెట్టినోళ్లది. నిలబెట్టింది నేను. నన్ను అను."

నేను అప్పుడే చెప్పాల్సింది. ముందుకు వంగి ఆయన భుజం తాకితే అందేంత దూరంలో ఉన్నాను. ఒళ్లో పాపను సర్దుకున్నాను. ఆళ్లగడ్డ బస్టాండులో దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని దించాను. "చిన్నగా పాపా, బిడ్డ జాగ్రత్త" అన్నారు. అంతే.

ఈ ఏడు వానలు వెనకబట్టకముందే ఆయన రాళ్లు బయటికి తీయమన్నారు. ఒళ్లు బాగాలేదు, కాళ్లకు నీరు పట్టింది. అయినా రోజూ పొద్దున గోడకు ఆనుకుని కూర్చునేవారు. జట్టులో ముందాడే శిల్పి ఒకతను పని కోసం బెంగళూరు వెళ్లిపోయాడు. అతని రాయి చేతిలో పట్టుకుని ఒకసారి తడిమి, పక్కన పెట్టేశారు.

"ఎట్లుంటాది మామా ఈ ఏడు?" అని అడిగాను.

"గోలీకి వయసైపాయ. ఈ ఒక్క ఏడు లాగుతాడు. ముందర గోలు కొట్టేటోడు లేడు, అందరూ తలా కొంచెం కొట్టాల. కుడి పక్క గట్టిగుంది. ఎడమ పక్క నిలిస్తే నంద్యాలలో రెండు ఆటలు దాటతాం. మూడోది మన చేతుల్లో లేదు."

"నిలవకపోతే?"

"పోయినేడు చూసినావు గదా."

పది రాళ్లు కుదిరాయి. అప్పుడు మామ నా చెయ్యి చాపమన్నారు. ఎర్రరాయి, ఆ నున్నటి చిన్న రాయి, రెండూ నా అరచేతిలో పెట్టారు. "ఈ చోటు నువ్వు పెట్టు పాపా. నువ్వు పెట్టిందే చదువుదాం." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఏడుపు వచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచి, "రేపు పెడతా మామా" అన్నాను.

"పెట్టు. తొందరేం లేదు."

ఆ సాయంత్రమే ఆయాసం ఎక్కువైంది. గోలీ అన్న ఆటోలోనే నంద్యాల తీసుకుపోయారు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఆయన నా వైపు చెయ్యి ఊపారు, నేను ఎక్కడున్నానో సరిగ్గా తెలియక కొంచెం పక్కకు. ఆ రెండు రాళ్లూ అప్పుడు నా కొంగు ముడిలో ఉన్నాయి.

సమాధుల తోటకు ఆయన్ని జట్టే మోసుకుపోయింది. మా ఆయన కుంటుతూనే ముందు భుజం పట్టాడు, ఎవరు మార్చుకుంటామన్నా వదల్లేదు. వాచరు కూడా వచ్చాడు. అందరూ మట్టి వేసి వెళ్లిపోయాక ఒక్కడే నిలబడి ఉండటం చూశాను.

రెండు వారాలయ్యాక గోలీ అన్న ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "చెల్లెమ్మా, జట్టు చదవాల గదా. పెద్దాయన ఎవరిని యాడ పెట్టినాడో నీకే తెలుసు. కాగితం రాసియ్యి. ఆదివారం నేను చదువుతా" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన మోకాలికి నూనె రుద్దుకుంటున్నాడు.

"పోయినేడు మామ పెట్టింది నిన్ను గాదు. నీ పేరు నేను రాసినా."

నూనె గిన్నె పక్కకు జరిపాడు. "నన్ను తీసేసినాడా నాయన?"

"తీసేసినాడు."

"నాకు ఒక మాటన్నా చెప్పలేదే."

"చెప్తే నేను రాసింది బయటపడతాదని చెప్పలేదు."

"అందుకని ఇద్దరూ కలిసి నన్ను ఆడ కుంటుకుంటా నిలబెట్టినారు" అని లేచి వెళ్లిపోయాడు. ఆదివారం దాకా నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, పాపను ఎత్తుకున్నాడు, నా వైపు మాత్రం చూడలేదు. ఆదివారం పొద్దున దండెం మీద ఆరేసిన బట్టల్లో ఒకటి తక్కువగా ఉంటే, గాలికి పోయిందేమో అనుకున్నాను.

చర్చి అయ్యాక గ్రౌండుకు వెళ్లాను. ఈసారి గేటు దాటి లోపలికి వెళ్లాను. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మామ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. వాచరు ఖాకీ చొక్కాతోనే వచ్చి కొంచెం వెనగ్గా నిలబడి ఉన్నాడు. పెద్దాయన పోయాడని మర్యాదకు వచ్చాడు తప్ప పిలుస్తారని వచ్చినట్టు లేదు. గోలీ అన్న కాగితం కోసం చెయ్యి చాపాడు.

"నేనే చదువుతా అన్నా" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మిల్లు అన్న "రొంత గట్టిగా చదువమ్మా, గోలీకి సగం చెవుడు" అన్నాడు. "మీరు వెనక నిలబడి అరిచే అరుపులకేరా వచ్చింది నాకు చెవుడు" అన్నాడు గోలీ అన్న. అందరూ కొంచెం నవ్వారు. ఆ నవ్వు సందులో నేను మొదలుపెట్టాను. కాగితం రెండు చేతులతో పట్టుకున్నాను. గోలీ, కుడి బ్యాక్, అన్నదమ్ములు. ఆ తర్వాత లెఫ్ట్ బ్యాక్ అని వాచరు పేరు చదివాను. మిగతా పేర్లన్నీ ఆగకుండా చదివేశాను. మా ఆయన వైపు చూడలేదు.

చదవడం అయిపోయాక వాచరు అడిగాడు. "అక్కా, నా పేరు పెద్దాయన పెట్టిందా, ఇప్పుడు మీరంతా అనుకుని పెట్టిందా?"

"పెద్దాయనే పెట్టినాడు. పోయినేడే పెట్టినాడు. చదివింది ఈ ఏడు" అన్నాను. "పోయినేడు కాగితం రాసింది నేను."

గోలీ అన్న తల దించుకున్నాడు. పోయిన ఏడు మామ తల ఎందుకు పైకి లేచిందో ఆయనకు అప్పుడు అర్థమై ఉంటుంది. మా ఆయన లేచాడు. చంకలోని సంచి తెరిచి, లెఫ్ట్ బ్యాక్‌గా తాను వేసుకునే మూడో నంబరు బనీను బయటికి తీశాడు. ఉతికి, మడతపెట్టి ఉంది. కుంటుకుంటూ వాచరు దగ్గరికి పోయి ఇచ్చాడు.

"నడుముకాడ వదులైతాది నీకు. కుట్టిచ్చుకో" అన్నాడు.

పోటీలు ఇంకా మొదలు కాలేదు. మామ చెప్పినట్టు రెండు ఆటలు దాటుతామో లేదో నాకు తెలియదు. ఎడమ పక్క నిలుస్తుందని మాత్రం రోజూ సాయంత్రం వాచరు పరిగెత్తడం చూసినవాళ్లు చెబుతున్నారు. ఆ మాట వినాల్సిన మనిషి లేరు. నేను చెప్పాల్సిన మాట కూడా ఆయనకు చెప్పలేదు. ఊరందరి ముందు చెప్పాను గానీ, రెండడుగుల దూరంలో పేపరు వింటూ కూర్చున్న మనిషికి చెప్పలేదు. తెలిసే నా చేతిలో ఆ రెండు రాళ్లు పెట్టారని, తెలిసే ఆ ఏడంతా నా చేత పేపరు చదివించుకున్నారని తలుచుకుంటే ఇప్పటికీ చేసే పని ఆగిపోతుంది.

ఆ ఆదివారం ఇంటికి వచ్చి, చీర మార్చినప్పుడల్లా మళ్లీ వేసుకున్న ఆ కొంగు ముడి విప్పి, నున్నటి చిన్న రాయి దాని చోట పెట్టాను. పదకొండూ అయ్యాయి. ఎర్రరాయి ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీలో ఉంచాను. మరునాడు పొద్దున చూస్తే కిటికీలో లేదు. మామ రోజూ ఆనుకుని కూర్చుని జట్టు కట్టిన చోట, ఆయన తల నూనె అంటి గోడ మీద ఒక నల్లటి మరక మిగిలింది. దాని కిందే, నేల మీద, పదకొండు రాళ్ల వైపు తిరిగినట్టుగా ఎర్రరాయి ఉంది. మా ఆయన అప్పటికే అంగడికి పోయాడు. అది ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

గోడకు సున్నం వేయాలని ఎవరైనా అంటే తర్వాత వేద్దామంటున్నాను. పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని, పదకొండు రాళ్ల చుట్టూ తుడిచి, గోడ దగ్గరికి వచ్చి, ఆ ఎర్రరాయి చుట్టూ కూడా జరగకుండా తుడుస్తున్నాను.